వరండాలో డాక్టరుగారి అత్తగారు

చెప్పకూడదు. నోరు మూసుకుని పడుకోవాలి. నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు, నేను పెద్ద టీచరుగా చేసి రిటైరైన బడిలో గోడలకి కూడా తెలుసు, అలాంటిదాన్ని పట్టుకుని, ఈ ఆసుపత్రి వరండాలో చక్రాల స్ట్రెచరు మీద పడుకోబెట్టి, చేతికి సెలైను ఎక్కించి, చెవి దగ్గరికి వంగి, "అత్తయ్యా, ఒక్క మాట. మీరు నా అత్తగారని ఇక్కడ ఎవరికీ చెప్పకండి" అనేసి వెళ్ళిపోయింది మా కోడలు. ఇవాళ ఈ జ్వరాల వార్డుకి డ్యూటీ డాక్టరు తనే. "చెప్తే ఏమవుతుందే?" అన్నాను, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే. "చెప్తే వీళ్ళు మిమ్మల్ని ముందు చూస్తారు. ముందు చూడాల్సినవాళ్ళు వెనకపడతారు" అంది. తన మనుషులకి తను వైద్యం చెయ్యకూడదట, అందుకని నన్ను పెద్ద డాక్టరుగారికి అప్పజెప్పిందట, ఆయనొక్కరికే సంగతి తెలుసట. మంచాలెవరికన్నది మాత్రం డ్యూటీలో ఉన్నవాళ్ళే తేల్చాలట, అంటే తనే. ఇంత పొడుగు మాట మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు ఆ పిల్ల. సరేనన్నాను. జ్వరంలో ఉండి సరేనన్నాను గానీ, ఒంట్లో బాగుంటే ఒంటికాలి మీద లేచేదాన్ని. నేనెవరో చెప్పుకోవద్దా? నేనెవరో నన్నెవరూ అడక్కముందే చెప్పే మనిషిని నేను. రైల్లో పక్క సీటు వాళ్ళకి చెప్తాను, కూరగాయల దుకాణంలో చెప్తాను. ఇప్పుడు ఈ తెల్లకోటు మా ఇంటిదని చెప్పుకునే అవకాశం ఒళ్ళో పడితే, నోటికి తాళం వేసి తాళంచెవి పట్టుకుపోయింది.

చలి. ఈ చలికి దుప్పట్లు ఏం చేస్తాయి, ఇది బయటి నుంచి వచ్చే చలి కాదు, ఎముకల్లో పుడుతోంది. స్ట్రెచరు బ్రేకు సరిగ్గా పడలేదేమో, నా వణుకుకి అది గోడని తాకి టక్కుటక్కుమంటోంది, పక్క స్ట్రెచరు మీదాయన రెండుసార్లు నా వంక చూశాడు. చూడవయ్యా, నాకేం సరదానా. పైన ట్యూబులైట్లు వరసగా, వాటిలో ఒకటి మినుకుమినుకుమంటోంది, బడిలో అయితే ఈపాటికి మార్పించేదాన్ని. ఎదురుగా అద్దం తలుపు. దాని వెనక గది, ఆ గదిలో గుండె కొట్టుకోవడం ఒక తెర మీద గీతలుగా కనపడే మంచాలు, మంచానికొక మానిటరు, మనిషికొక నర్సు. ఇందాక హెడ్ సిస్టర్ ఎవరితోనో అంటుంటే చెవినపడింది, లోపల ఒక్క మంచం ఖాళీ అవుతోందట, మధ్యాహ్నం రక్తం రిపోర్టులు వచ్చాక ఎవరో ఒకరిని పంపుతారట. నా రక్తం తీసుకెళ్ళి కాసేపయింది. ఇంకో గంటలో వస్తుందన్నారు. ఆ మంచం నాకు కావాలి. దాచుకోవడమెందుకు, నాకు భయంగా ఉంది. మాతో పాటు ప్రయాణానికి వచ్చిన సంగీతం టీచరు ఆ గదిలోనే ఉంది; మొన్న నాతో ఫోన్లో నవ్వుతూ మాట్లాడిన మనిషి, ఇవాళ కన్న కూతుర్ని చూసి "మీరెవరండీ" అందట. ఈ జ్వరం తలకెక్కితే అంతే. ఒక పూట బాగానే ఉన్నట్టుంటుంది, ఆ పై పూటకి మనిషి మనిషిలో ఉండదు. నాకేమన్నా అయితే ఈ వరండాలో ఎవరు చూస్తారు, చూసేసరికి ఎంతసేపవుతుంది?

అంతా ఆ మాత్రల వల్లే. మాత్రల వల్ల కాదు, మాత్రలు మానెయ్యడం వల్ల. మేం రిటైరైన టీచర్లం కొందరం, పొద్దున్నే కలిసి నడిచేవాళ్ళం, నడిచి నడిచి ఈ ఊరి రోడ్లు అరిగిపోయాయని, ఇంకో దేశంలో పెద్ద నదీ దాని ఒడ్డున అడవీ ఉన్నాయంటే చూసొద్దామని బయల్దేరాం. అక్కడ దోమలు ఎక్కువ, రోజుకో మాత్ర వేసుకోవాలన్నారు. వేసుకోవడమంటే అలా ఇలానా? పడవ మీద పొద్దున్నే అందరినీ వరసలో నిలబెట్టేదాన్ని, పేరు పేరునా పిలిచేదాన్ని, నా కళ్ళ ముందు మింగి నాలుక చాపి చూపించాలి. లెక్కల టీచరు మాత్రని నాలుక కింద దాచబోతే అందరి ముందూ గాలి తీసేశాను. పడవ నడిపే అతను మమ్మల్ని చూసి పడీపడీ నవ్వేవాడు. ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాత్ర మానలేదు, నాదీ పూచీ. ఆ తర్వాత విమానం దిగాం, సామాను బెల్టు దగ్గర నిలబడి, "హమ్మయ్య, క్షేమంగా వచ్చేశాం, ఇక మాత్రలు చాలు" అని ప్రకటించింది కూడా నేనే. అందరూ చప్పట్లు కొట్టారు. మిగిలినవి అక్కడే చెత్తబుట్టలో వేశాం. గంట కొట్టగానే పాఠం అయిపోయిందనుకునే జాతి కదా మాది. దోమ కాటుతో వచ్చింది ఒంట్లోనే దాక్కుని ఉంటుందనీ, ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు ఆ మాత్ర వేసుకుంటేనే అది చస్తుందనీ మా కోడలు నాకు ముందే చెప్పింది. నేను పెట్టె సర్దుకుంటూ విన్నాను. ప్రశ్న చివరిదాకా చదవకుండా జవాబు రాసే పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషిని నేను! ఈ మాట తల్చుకుంటే ఈ చలిలోనూ మొహం వేడెక్కుతోంది.

"కాళ్ళు లోపలికి పెట్టుకో పెద్దమ్మా, బండి వెళ్ళాలి" అన్నాడు ఎవరో, మందుల బండి తోసుకొచ్చే అతను. పెట్టుకో! నన్ను, పెట్టుకో! నా ముందు నిలబడి మాట్లాడాలంటే తల్లిదండ్రులు చెప్పులు బయట విడిచి వచ్చేవారు. నాలుక చివరిదాకా వచ్చింది, ఏమయ్యా, ఈ వార్డు డాక్టరు ఎవరో తెలుసా, నేను ఆవిడకి ఏమవుతానో తెలుసా అని. ఆ మాట అంటే చాలు, ఇతని మొహం ఎలా మారుతుందో కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది, మెత్తటి దిండు వస్తుంది, వేడి నీళ్ళు వస్తాయి, అమ్మగారూ అమ్మగారూ అంటారు. గుటక మింగాను. కాళ్ళు లోపలికి పెట్టుకున్నాను. పాపం అతని చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయి ఉంది, ఎప్పుడు తిన్నాడో ఏమో. ఇలాంటి బండ్లు ఇవాళ ఎన్ని తోశాడో. సెలవులు అయిపోయాయి కదా, సెలవులకి దేశాలు తిరిగినవాళ్ళందరం ఒక్కసారిగా తిరిగొచ్చాం, తలా ఒక జ్వరం వెంటపెట్టుకొచ్చాం. పక్క స్ట్రెచరు ఆయన ఎక్కడో గొట్టాలు వేసే పనికి వెళ్ళి వచ్చాడట, ఆయన తోటివాళ్ళు ఇంకా ఇద్దరు కింద కుర్చీల్లో ఉన్నారట. ఆ మూల కొత్తగా పెళ్ళైన జంట, ఆ అబ్బాయికి డెంగ్యూ, పళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు, ఆ అమ్మాయి అతని భుజం మీద చెయ్యి తియ్యడం లేదు. ఈ ఊళ్ళో ఈ జ్వరాలు ఏనాడో పోయాయి, పోయాయని వార్డులు కూడా తగ్గించేశారట, ఇప్పుడు మేం ఇలా మందగా వచ్చిపడితే పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు.

ఇందాక ఒకాయన వచ్చాడు, చేతిలో సంచీ, కొత్త సబ్బూ తువ్వాలూ తెచ్చుకున్నాడు. కడుపులో ఏదో ఆపరేషనుకి చాలాకాలంగా ఎదురుచూస్తుంటే ఇవాళ రమ్మన్నారట, వస్తే మంచాలన్నీ నిండిపోయాయి, ఇంకోసారి కబురు చేస్తామన్నారు. ఆయన అరవలేదు, గొడవ పెట్టలేదు, సంచీ భుజాన వేసుకుని వరండా పొడుగునా మమ్మల్ని చూసుకుంటూ వెళ్ళాడు. నా దగ్గర ఆగి, "ఎక్కడికెళ్ళొచ్చారమ్మా?" అన్నాడు. "నది చూడ్డానికి" అన్నాను. "బాగుందా?" అన్నాడు. తల తీసేసినట్టయింది. చాలా బాగుంది నాయనా, పొద్దున్నే నీళ్ళ మీద పొగమంచు లేస్తుంటే పక్షులన్నీ ఒక్కసారిగా అరిచేవి, ఈ వయసులో అంత అందం చూస్తాననుకోలేదు, దాని ఖరీదు నువ్వు ఇవాళ కడుపు పట్టుకుని ఇంటికెళ్ళడం అని ఎవరికి తెలుసు. ఏమీ అనలేకపోయాను. అనకపోవడం కూడా నాకు కొత్తే.

ఎక్కడికెళ్ళొచ్చారు. అది మా కోడలి మాట. ఇక్కడికి ఎవరొచ్చినా ముందు ఏం బాధ అని అడగరు, ఎక్కడికెళ్ళొచ్చారని అడుగుతారు, ఆ పద్ధతి పెట్టింది మా కోడలేనట, ఇందాక నర్సులు అనుకుంటుంటే విన్నాను. నాకు తెలీదు. అదెప్పుడూ చెప్పలేదు. ఇంట్లో మాత్రం చూశాను, చుట్టాలొస్తే మంచినీళ్ళు ఇవ్వకముందే, "బాబాయిగారూ, ఈ మధ్య ఎక్కడికైనా వెళ్ళొచ్చారా?" అని మొదలుపెడుతుంది, వాళ్ళు ఏదో ఆప్యాయత అనుకుని ఊరూరూ చెప్పుకుపోతారు, ఇది వాళ్ళ కళ్ళూ గోళ్ళూ చూస్తూ ఉంటుంది. ఎన్నిసార్లు వెక్కిరించానో. మాట తక్కువ, నిలబడి తింటుంది, తిని పళ్ళెం కడిగి పడుకుంటుంది, పిలిచిన చోటికి రాదు, వస్తే మధ్యలో ఫోనొచ్చి వెళ్ళిపోతుంది, ఇదేం కోడలమ్మా అని నడకలో అందరితో చెప్పాను. పనికొచ్చే మనిషే గానీ ఇంటి మనిషి కాదు అన్నాను ఒకసారి. సంగీతం టీచరు అప్పుడు ఏదో సర్దిచెప్పబోయింది. ఇప్పుడు చూస్తున్నాను ఇంట్లో మాట ఎందుకు మిగలదో. ఒక స్ట్రెచరు దగ్గర నవ్వింది, ఇంకో స్ట్రెచరు దగ్గర గదమాయించింది, సూది అంటే ఏడ్చే అంత పెద్ద మగాడికి కథ చెప్పింది. నడుస్తూనే ఒక బిస్కట్టు నోట్లో వేసుకుంది, మధ్యాహ్నం భోజనం అదేనేమో. మాటలన్నీ ఇక్కడ ఖర్చయిపోతున్నాయి. నాకు మిగిల్చినవి ఆ పొడి మాటలు.

వేడి మొదలైంది. చలి పోయి ఇప్పుడు ఒళ్ళు పెనం అయింది, దుప్పటి తన్నేశాను, ట్యూబులైట్లు పడవ దీపాల్లా ఊగుతున్నాయి, ఎవరో హాజరు పిలుస్తున్నారు, నేనే పిలుస్తున్నాను, పిలిస్తే ఎవరూ పలకడం లేదు, సంగీతం టీచరు నాలుక చాపి చూపిస్తోంది, చాలు లోపల పెట్టుకో అంటే పెట్టుకోదు. లేదు, ఇది వరండా. నేను వరండాలో ఉన్నాను. నా పేరు నాకు గుర్తుంది, బడి పేరు గుర్తుంది, ఇవాళ ఏ వారమో గుర్తుంది. కొడుకు పుట్టిన రోజు వాన. సరే, తల ఇంకా నా భుజాల మీదే ఉంది. ఎదురుగా కుర్చీలో ఒక అమ్మాయి, ఇంతకుముందు లేదు, ఎప్పుడు తెచ్చారో, మంచం లేక కుర్చీలోనే సెలైను పెట్టారు. కడుపు మీద చెయ్యేసుకుని ఉంది, ఏడో నెలో ఎనిమిదో నెలో. పక్కన వాళ్ళమ్మ నేల మీద కూర్చుని ఆ పిల్ల అరికాళ్ళు రుద్దుతోంది. "మా అల్లుడు పనిచేసే చోటికి వెళ్ళొచ్చిందండీ, కానుపుకి ముందు ఒక్కసారి చూసొస్తానని" అంది ఆవిడ, నేనడక్కుండానే, నాలాంటిదే పాపం. "వద్దన్నానండీ. వింటుందా?" "ఎవరు వింటారమ్మా" అన్నాను, "నేను మాత్రం విన్నానా". ఆవిడ నవ్వింది, నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ అమ్మాయి మాత్రం ఏదీ పట్టించుకోవడం లేదు, తల ఒక పక్కకి వాలిపోతోంది, వాళ్ళమ్మ ఎత్తి పెడుతోంది, మళ్ళీ వాలిపోతోంది. నాకది నచ్చలేదు. క్లాసులో పిల్లలు నిద్రొచ్చి తూగడం వేరు, నేను ఎందరిని చూడలేదు. ఇది ఆ తూగు కాదు.

రిపోర్టులు వచ్చాయి. మా కోడలు కాగితాలు పట్టుకుని నా స్ట్రెచరుకీ ఆ కుర్చీకీ మధ్య నిలబడింది, పక్కన హెడ్ సిస్టర్. "మేడం, ఈ పెద్దావిడ రక్తంలో మలేరియా క్రిములు ఎక్కువున్నాయి, ఆ అమ్మాయి కంటే ఎక్కువ. వయసు కూడా చూడండి. ఈవిడనే లోపలికి పంపేద్దామా?" అంది సిస్టర్. నా ప్రాణమంతా చెవుల్లోకి వచ్చింది. అను, సరేనను తల్లీ. ఎవరూ తప్పు పట్టరు, నీ సిస్టరే అంటోంది, నువ్వు నా కోసం చేశావని ఎవరికీ తెలియను కూడా తెలియదు, నేనెవరికీ చెప్పలేదు, ఒట్టు, ఒక్కరికి కూడా చెప్పలేదు. కోడలు నన్ను చూసింది. ఇందాకటి నుంచి చూసిన చూపు కాదు అది, మా ఇంటి వంటగదిలో చూసే చూపు. ఒక్క క్షణం. ఆ తర్వాత ఆ కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మాయ్, ఇవాళ ఏ వారం?" అని అడిగింది. ఆ పిల్ల నవ్వింది, నవ్వి, "ఆయన వచ్చేశారా?" అంది. కోడలు ఆ పిల్ల వేలి చివర సూదితో పొడిచి రక్తంలో చక్కెర చూసింది, చూసి చటుక్కున లేచింది. "లోపలికి ఈ అమ్మాయిని. ఇప్పుడే. చక్కెర పడిపోయింది, గ్లూకోజు ఎక్కించండి, బిడ్డ గుండె చూడమని కాన్పుల డాక్టరుని పిలవండి." "మరి ఈవిడ?" "ఈవిడ ఇక్కడే. మాట స్పష్టంగా ఉంది, బీపీ బాగుంది. పెద్ద డాక్టరుగారు రాసిన ఇంజెక్షను ఇక్కడే మొదలుపెట్టండి. మాట తడబడినా, మూత్రం నల్లబడినా నన్ను పిలవండి." వెళ్తూ వెళ్తూ నా స్ట్రెచరు బ్రేకుని మాత్రం కాలితో గట్టిగా నొక్కి వెళ్ళింది.

ముందు కోపమే వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒళ్ళు మండిపోయింది, జ్వరానికి పైన ఇంకో జ్వరం. నీ మొగుణ్ణి కన్నదాన్నే, నీకు పురిటి నొప్పులొచ్చినప్పుడు ఇలాంటి వరండాలోనే తెల్లవార్లూ కూర్చున్నదాన్నే అనుకున్నాను. కోపం వెనకే భయం వచ్చింది, ఆ అద్దం తలుపు మూసుకుంటుంటే నన్ను బయట ఉంచి ఓడ వెళ్ళిపోయినట్టయింది. అంతలో ఫోను మోగింది, మా అబ్బాయి. కింద గేటు దగ్గరున్నాడట, లోపలికి రానివ్వడం లేదట. "అమ్మా, మంచం ఇచ్చారా?" "ఇవ్వలేదురా. ఒక కడుపుతో ఉన్న అమ్మాయికి ఇచ్చారు." "ఎవరిచ్చారు? ఇదేనా?" ఇది అంటే పెళ్ళాం. "అదే" అన్నాను. వాడు అరిచాడు, "నేను పైకొచ్చి ఆ సిస్టరుకి చెప్తాను, నువ్వెవరో చెప్తాను, ఎలా ఇవ్వరో చూస్తాను, ఇంట్లో డాక్టరుండి మా అమ్మ వరండాలో పడుండాలా?" "చెప్పావంటే నీ మొహం చూడను" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. మనసులో ఇంకా మంటే ఉంది, మాట మాత్రం అలా వచ్చేసింది. "అమ్మా!" "వినపడిందా? అక్కడే కూర్చో. కాఫీ తాగు." "నాకు ఇద్దరూ దొరికారు" అన్నాడు వాడు, "చిన్నప్పుడు నువ్వు, ఇప్పుడు ఇది."

వాడు ఏది తల్చుకుని అన్నాడో నాకు తెలుసు. బడిలో పరుగు పందెం, గీత దగ్గర నిలబడ్డ జడ్జిని నేను, వాడూ ఇంకో కుర్రాడూ కలిసి వచ్చారు, చూసినవాళ్ళందరికీ ఇద్దరూ సమానమే, నా కంటికి మాత్రం ఆ కుర్రాడి ఛాతీ వేలెడంత ముందుంది. ఆ కుర్రాడి పేరే చదివాను. మావాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఊళ్ళో కొందరు రాక్షసి అన్నారు, కన్న కొడుకుని ఓడించిందని. నాకు మాత్రం ఆ రోజు తల్చుకుంటే ఇప్పటికీ వెన్ను నిటారుగా అవుతుంది. తప్పు చేశానని ఒక్కనాడూ అనుకోలేదు. అనుకోను కూడా. మరి ఈ పిల్ల చేసింది ఏమిటి? అదే కదా. కాకపోతే నేను ఓడించింది పరుగు పందెంలో, గెలిచినా ఓడినా ఒక ఇత్తడి కప్పు. ఇది పందెం కట్టింది మనిషిని, మొగుడి తల్లిని, రాత్రి ఇంటికెళ్ళి మొగుడి మొహం చూడాలని తెలిసి, నాకేమన్నా అయితే జన్మంతా చుట్టాలు కాకుల్లా పొడుస్తారని తెలిసి. నేనైతే చెయ్యగలిగేదాన్నా? నిజం చెప్పు, ఇక్కడ ఎవరూ వినడం లేదు. ఏమో. అది చేసింది. నాకు కొడుకు పుట్టాడు గానీ నా పోలిక కొడుక్కి రాలేదు, వాడు మెత్తన, వాళ్ళ నాన్న. నా పోలిక ఎక్కడ పుట్టిందో ఎవరి ఇంట పెరిగిందో, ఏ రక్తసంబంధమూ లేకుండా తెల్లకోటు వేసుకుని నా ఇంటికొచ్చింది, నిలబడి అన్నం తింది, నేను గుర్తుపట్టలేదు. నా మొహం నేను గుర్తుపట్టలేదు. కాదు, నా కంటే ఒక మెట్టు పైది. అమ్మయ్య, అనేశాను. ఎంత గర్వంగా ఉందో చెప్పడానికి ఇక్కడ ఒక్కరు లేరు, అదీ నా బాధ. లెక్కల టీచరుకి చెప్పాలి, మా వీధిలో చెప్పాలి, ఈ స్ట్రెచరు మీద లేచి నిలబడి చెప్పాలి, చూడండర్రా మా కోడలు నాకు మంచం ఇవ్వలేదు అని.

చెమట. నుదురు, మెడ, వీపు, దిండు తడిసిపోతోంది, ఒళ్ళు తేలికైపోతోంది, ఇది కాసేపే, మళ్ళీ చలి వస్తుంది, ఈ జ్వరం తీరు అంతేనని అన్నారు. ఇంజెక్షను నరంలోకి వెళ్తుంటే చెయ్యి చల్లగా ఉంది. రాత్రి ఎలా గడుస్తుందో తెలీదు. బతుకుతానో లేదో కూడా ఎవరూ గుండెల మీద చెయ్యేసుకుని చెప్పరు, చెప్పమని నేనూ అడగను. అద్దంలోంచి ఆ అమ్మాయి మంచం దగ్గర మా కోడలి వీపు కనపడుతోంది, జడ ఊడిపోయింది, ఎప్పుడు దువ్వుకుందో. వాళ్ళమ్మ అద్దానికి ఇవతల నిలబడి, రెండు చేతులూ అద్దానికి ఆనించి చూస్తోంది. కాసేపటికి ఇటు తిరిగి, "కళ్ళు తెరిచిందండీ" అంది నాతో. "నన్ను అమ్మా అంది." నాకు ఏడుపొచ్చింది. మంచి ఏడుపే.

హెడ్ సిస్టర్ వచ్చి తడిసిన దిండు మార్చింది, బీపీ చూసింది, చేతిని పక్కన పెడుతూ గొంతు తగ్గించింది. "పెద్దమ్మా, ఏమీ అనుకోకండి. మంచం మీకే వస్తుందనుకున్నాను. మా మేడం ఒకటి అంటే ఇంకంతే, ఎవరి మాటా వినరు. ఇంకా వరండాలో ఎన్నాళ్ళుంటారో ఏమో, మీ వయసుకి ఈ గాలి మంచిది కాదు" అంది. అటూ ఇటూ చూసి ఇంకాస్త వంగింది. "పై అంతస్తులో ఒక గది ఉంచుతారు, మావాళ్ళ మనుషులెవరైనా వస్తే ఇవ్వడానికి. ఈ ఆసుపత్రిలో మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా? ఒక్క పేరు చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను." మంచి మనిషి. కళ్ళలో నిజంగానే జాలి ఉంది. ఒక్క పేరు. నా జన్మలో నన్ను ఎవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు, ఇంత మంచి జవాబు నా నోట్లో ఎప్పుడూ లేదు. లోపల మా కోడలు తల తిప్పి ఇటు చూస్తోంది, సిస్టర్ నాతో ఏం మాట్లాడుతోందో దానికి వినపడదు, నా పెదాలు మాత్రం కనపడతాయి.

"ఎవరూ లేరమ్మా" అన్నాను. వరండా అంతా వినపడేంత గట్టిగానే అన్నాను.